కారు కొంటానంటున్న మా మేనకోడలికి

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మీ నాన్నగారు 3 లక్షల దాకా సర్దుతానన్నారంట కదా, గుంటూరు నుంచి వడ్డేశ్వరం కాలేజీకి రోజూ బస్సుల్లో నిలబడి వెళ్ళే బాధ తప్పుద్ది, నాకూ సంతోషమే. కాకపోతే నువ్వు పంపిన ఫొటోలు చూశాక కాస్త భయమేసింది, అన్నీ తళతళా మెరిసిపోతున్నాయి, రేట్లేమో మార్కెట్ కంటే బాగా తక్కువ. ఆటోనగర్‌లో ఇన్నేళ్ళ నుంచి షెడ్డు నడుపుతున్నా కాబట్టి చెప్తున్నా, పాత బండికి మెరుపు తెప్పించడమే అన్నింట్లోకీ చవకైన పని.

మన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అది నీళ్ళలో మునిగిందా లేదా అన్నదే ముందు తేల్చుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి, ఇంటి ముందు పెట్టిన కార్లు పెట్టినట్టే మునిగాయి. ఇంజన్ అయితే విప్పి కడిగి ఏదోలా బాగుచేయొచ్చు, నా భయమంతా వైరింగ్ గురించే. కనెక్టర్లలోకి బురదనీళ్ళు పోతే లోపల పచ్చగా చిలుం పడుతుంది, అప్పటికి బండి బాగానే నడుస్తది, కొన్నాళ్ళకి ఒకరోజు పవర్ స్టీరింగ్ పనిచేయదు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరదు, ఏ వైరు పోయిందో వెతకడానికే మాకు రోజులు పడుతుంది. నువ్వు ఒక్కదానివే హైవే మీద వెళ్ళే బండిలో అలాంటిది ఉండకూడదు తల్లీ.

చూడ్డానికి వెళ్ళినప్పుడు సీటు బెల్టు చివరిదాకా లాగు, బయటికి కనపడే భాగం కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక అట్టాగే ఉంటది. సీట్ల కింద పట్టాలకి, బోల్టులకి తుప్పు ఉందేమో చెయ్యి పెట్టి చూడు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడు, కార్పెట్ ఒక మూల లేపి వాసన చూడు. లోపల సెంటు మరీ ఘాటుగా కొట్టి ఉంటే కూడా అనుమానించాల్సిందే. తర్వాత పాత ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు అడుగు, అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా ఉంటే అంతకుముందు ఏడాది క్లెయిమ్ పడి ఉండొచ్చు, ఎందుకని నిలదీసి అడుగు. సింగ్‌నగర్ వాళ్ళ బండి అనగానే వద్దనమని కాదు నా ఉద్దేశం, ఉన్నది ఉన్నట్టు చెప్పి రిపేరు బిల్లులు చూపించి అమ్మేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఎంత నష్టపోయారో నేను కళ్ళారా చూశా.

పొద్దున్నే ఒకసారి వెళ్ళు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు, ముందే వేడి చేసి ఉంచారంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయ్. ఏసీ మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలోనే చూడాలి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని, అరుగుదల లేకపోయినా అంత పాత టైరుతో వెళ్ళొద్దు.

ఆ హైదరాబాద్ బండి అన్నావే, అది చవగ్గా కనపడుద్ది గానీ అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, అదంతా కలిపాక మిగిలేది ఏముందో లెక్క వేసుకో. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అంటే బండి మీద లోన్ ఉంటే, అది తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మాట్లాడు. బండి నీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద ఓనరే సంతకం పెట్టాలి, బ్రోకర్ పెడతానంటే ఒప్పుకోకు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు నీ పేరు మీదకి మార్చుకోవాలి, లేదంటే రేపు బండికి ఏమన్నా అయినప్పుడు నీకు క్లెయిమ్ రాదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది ఆయనతోనే పోద్ది, అందుకని ప్రీమియం కాస్త ఎక్కువే పడుద్ది.

ఏ కారంటావా, చిన్న పెట్రోల్ బండి, ఆల్టోనో వ్యాగనారో ఐ10నో, స్పేర్లు ప్రతి చోటా దొరుకుతాయి. డీజిల్ వద్దు, నీ తిరుగుడుకి అది గిట్టదు.

3 లక్షలూ బండికే పెట్టేయకు, 40 వేలు పక్కన ఉంచుకో. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, బ్యాటరీ, ఒక సర్వీస్, మొదటి నెలలోనే వస్తాయి ఇవన్నీ. పైగా రోజూ కాజ టోల్ దాటాలి, ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకో, 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు 3000కి 200 ట్రిప్పులు పెట్టారు, టోల్‌కి టోల్‌కి కట్టడం కంటే చాలా నయం. పాత ఓనర్ ట్యాగ్ తీయించేసి నీ పేరు మీద కొత్తది వేయించు.

నీకు లైసెన్స్ వచ్చింది సరే, చేతికి అలవాటయ్యేదాకా మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకునే హైవే ఎక్కు. ఇప్పుడైతే ఎవరికీ ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు, ఇంకెవరో కొనేస్తున్నారని తొందరపెట్టినా సరే. నీకు నచ్చిన రెండు బండ్ల నంబర్లు నాకు వాట్సాప్ చేయి, చలాన్లు, ఫైనాన్స్ ఏమన్నా ఉన్నాయేమో నేను చూసి పెడతా, ఆదివారం షెడ్డుకి సెలవు, గుంటూరు వస్తా, కలిసి వెళ్దాం.

మీ మామయ్య