బ్యాంకు లాయర్ పని: కోర్టులో ఎంత, కాగితాల్లో ఎంత?

ఎల్‌ఎల్‌బీ అయ్యాక బ్యాంకింగ్ వైపు వెళ్తే రోజూ డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) వాదించడమేనా అని అడిగారు. నేను విశాఖలో బ్యాంకు ప్యానెల్ అడ్వకేట్‌ని, అంటే బ్యాంకు తన జాబితాలో పెట్టుకుని పని అప్పగించే బయటి లాయర్‌ని. నా పని ముప్పావు వంతు ఆఫీసు టేబుల్ దగ్గరే అయిపోతుంది.

లోను ఇచ్చే ముందు తాకట్టు ఆస్తికి లీగల్ ఒపీనియన్ రాయాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్టుల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడటం నాలుగు ఫైళ్లతో వచ్చేస్తుంది. తిప్పలన్నీ పిత్రార్జితం దగ్గర. అన్నదమ్ముల పంపకాల దస్తావేజులో అక్కచెల్లెళ్ల పేరే ఉండదు. అడిగితే "కట్నమిచ్చి పంపేశాం కదండీ, ఇంకేం వాటా?" అంటారు. మన దగ్గర 1985 సవరణతోనే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. అందుకని పంపకం ఎప్పుడు రిజిస్టరైంది, కూతుళ్ల పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయి అని ఆరా తీస్తాను. పాత శుభలేఖలు తెప్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆ అక్కచెల్లెళ్లూ వచ్చి సంతకం పెట్టాలని ఒపీనియన్‌లో రాస్తే బ్రాంచి మేనేజరుకు కోపం, మార్చి నెలాఖరులో అయితే మరీనూ. అయినా రాయాల్సిందే.

అప్పు మొండిబాకీ అయ్యాక వచ్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం, అంటే తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం. ముందు 13(2) సెక్షన్ కింద బాకీ కట్టమని నోటీసు, 60 రోజుల గడువు. ఆలోగా అప్పు తీసుకున్నవాళ్లు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. కట్టకపోతే స్వాధీనం. దాని మీద వాళ్లు 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లొచ్చు. అక్కడ వాగ్ధాటితో పెద్దగా పనిలేదు. నోటీసు అందినట్టు పోస్టల్ రసీదు ఉందా, అభ్యంతరానికి జవాబిచ్చారా, స్వాధీన ప్రకటన ఏడు రోజుల్లోగా రెండు పేపర్లలో, అందులో ఒకటి తెలుగులో, వేశారా? ఈ కాగితాల్లో ఒక్కటి లేకపోయినా ఎదుటి లాయరు అక్కడే పట్టుకుంటాడు. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు కాబట్టి, లేఅవుట్ వేసిన స్థలంలో రాత్రికి రాత్రి కొబ్బరి మొక్కలు లేచిన ఫొటోలు కూడా చూశాను. అలాంటప్పుడు తాకట్టు నాటి నాలా ఉత్తర్వు (సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు), వాల్యుయేషన్ రిపోర్టులోని ఫొటోలే మనకు దిక్కు.

ముంబైలోని పెద్ద ఫర్మ్‌లది వేరే లోకం. నాలుగైదు బ్యాంకులు కలిసి ఇచ్చే అప్పులకు ఒప్పందాలు రాయడం, ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్) దివాలా కేసులు. జీతాలు బాగుంటాయి, ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ గట్టిగా ఉండాలి. జిల్లాల్లో ప్యానెల్ పనికి ఒపీనియన్ ఫీజు తక్కువే, బిల్లు పాసయ్యేసరికి నెలలు పట్టొచ్చు. ఇంటి ఖర్చుకు మొదట్లో సివిల్ కేసులు కూడా చేతిలో ఉంచుకోండి.

చదువుతూనే ఒక పని చేయండి. సెలవుల్లో ఓ పాత దస్తావేజు రైటర్ దగ్గర కూర్చుని గొలుసుకట్టు రాతలో ఉన్న పత్రాలు చదవడం, హద్దులు సరిచూడటం నేర్చుకోండి. కుర్ర లాయర్లలో అది వచ్చినవాళ్లు తక్కువ. సీనియర్లు పిలిచి మరీ పని ఇస్తారు.