నవలలు చదివే అమ్మాయికి డేటా సైన్స్ మందా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మా అమ్మాయి నిరుడు ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అప్పటి నుంచి నవలలే లోకం. నవలల గురించి, రోజూ చూసే మనుషుల గురించి ఏవో రాసుకుంటోంది. ఆ పేజీలు జతచేశాను. ఇప్పుడు ఎంఏ ఇంగ్లిష్ చదువుతానంటోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్చడం మేలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, జతచేసిన పేజీలు నేను చదివాను. మీరు చదివారా? చదివి ఉంటే ‘ఏవో’ అని రాసేవారు కాదు. కోట్టూర్‌పురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లే రైల్లో మల్లెలు కట్టే ఆవిడ గురించి రాసింది. దిగాల్సిన స్టేషను వచ్చేలోపు ఎన్ని మూరలవుతాయో ఆవిడ ముందే లెక్క వేసుకుంటుందట. ‘ఇదే మనిషి నవలలో కనిపిస్తే ఆగి చదువుతాను, రైల్లో మాత్రం చూపు తిప్పుకుంటాను, ఎందుకు?’ అని తనను తానే నిలదీసుకుంది. ఇలా చూసి ఇలా రాసే పిల్ల ఖాళీగా కూర్చున్నట్టు కాదు.

మీ భయం నవలలు కాదని నాకు తెలుసు. పెళ్లిళ్లలో, ఫోన్లలో ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక మాట కావాలి. ‘డేటా సైన్స్ చేస్తోంది’ అంటే వాళ్లు నోరు మూస్తారు. ఆ ఒక్క మాట కోసం లక్షలు కట్టడం నాకు నచ్చదు. ఉత్తరం మొత్తంలో ‘తనకు ఏమిష్టమో అడిగాను’ అనే వాక్యం ఒక్కటీ లేదు. కోపం తెచ్చుకోకండి, కానీ ఆ లోపం మీది.

ఇక ఆ కోర్సు సంగతి. డేటా సైన్స్ మంచి రంగమే. నా అనుమానమంతా ఆరు నెలల హామీ మీద. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొన్ని వారాల్లో వస్తుంది. గణాంకశాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా అంత త్వరగా వంటబట్టవు. ఇలాంటి కోర్సుల నుంచి వచ్చే రెజ్యూమేలు తరచూ ఒకే అచ్చులో ఉంటాయి: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో, ఇళ్ల ధరలు ఎంత ఉంటాయో అంచనా వేసే ప్రాజెక్టులు. రోజంతా అవే చూసే రిక్రూటర్ ఎక్కడ ఆగుతారు? తనకు లెక్కల మీద నిజంగా మనసుంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఒక స్టాటిస్టిక్స్ కోర్సు మొదలుపెట్టమనండి. సగంలో వదిలేయకపోతే అప్పుడు డబ్బు సంగతి ఆలోచిద్దాం. ప్లేస్‌మెంట్ హామీ అన్నవాళ్లను, ఉద్యోగం రాకపోతే ఫీజు ఏ షరతుల మీద తిరిగిస్తారో కాగితం మీద రాసిమ్మనండి. చాలాచోట్ల సంభాషణ అక్కడితో ఆగుతుంది.

ఎంఏ ఇంగ్లిష్‌కు చాలా విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీ చదివినవారినైనా తీసుకుంటాయి. రెండేళ్లు పడుతుంది. ఆ తర్వాత అధ్యాపక ఉద్యోగానికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) కావాలి. పోటీ తక్కువేం కాదు. నవలలంటే ఇష్టం, సాహిత్య విమర్శ చదవాలంటే విసుగు అన్నవాళ్లకు ఈ ఎంఏ శిక్షే. ఆ మాట మీ అమ్మాయికి నేను చెప్పానని చెప్పండి.

ఈ రెండింటి మధ్య మీరు చూడని దారి ఒకటుంది. చెన్నై ఐటీ దారి ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) మీది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్లు ఉంటారు. ఇంజనీర్లు కట్టినదాన్ని వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాయడం వాళ్ల పని. ఈసీఈ చదివి, మనిషి ఎక్కడ తడబడతాడో గమనించగలిగిన అమ్మాయికి ఇది పరాయి పని కాదు. ఇంట్లోని వాషింగ్ మెషీన్ మాన్యువల్‌ను మీకు అర్థమయ్యేలా తిరగరాయమనండి. అలాంటి నాలుగైదు నమూనాలు చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో చూపించడానికి సరిపోతాయి. సర్టిఫికెట్ తర్వాత సంగతి.

అన్నట్టు, తను చదివే జాబితాలో తెలుగు నవల ఒక్కటీ లేదు. ఎగ్మూర్‌లో 1896 నుంచి ఉన్న కన్నెమరా లైబ్రరీకి పంపండి. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ చట్టప్రకారం చేరాల్సిన గ్రంథాలయాల్లో అదొకటి. రెండు భాషల్లోనూ చేయి తిరిగితే అనువాదం పనులు కూడా దొరుకుతాయి. మొదట్లో డబ్బు తక్కువే.

ఆర్నెల్లు గడువు ఇవ్వండి. రోజూ ఉదయం రెండు గంటలు రాత నమూనాలకు, ఉద్యోగ దరఖాస్తులకు. మిగతా పొద్దు నవలలకు. ఆ సమయంలో తలుపు తీసి ‘ఇంకా చదువుతున్నావా’ అనకండి. ఈ వారంలో చేరితే ఫీజులో రాయితీ అని ఆ కోర్సువాళ్లు తొందరపెడుతున్నారా? వచ్చే వారం ఫోన్ చేసి చూడండి, ఆ రాయితీ అప్పుడూ ఉంటుంది.