లూయిస్ గ్రాసిక్ గిబ్బన్, జేమ్స్ లెస్లీ మిచెల్ ఒక్కరేనా?

ఒక్కరే, 1901లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో పుట్టిన నవలాకారుడు జేమ్స్ లెస్లీ మిచెల్, తల్లి తరఫు పేరును తీసుకుని పెట్టుకున్న కలంపేరే లూయిస్ గ్రాసిక్ గిబ్బన్. మామూలు ఇంగ్లీషులో రాసిన పుస్తకాల్లో చాలావాటికి సొంత పేరే ఉంచి, తాను పెరిగిన మెర్న్స్ ప్రాంతపు రైతుల పలుకుబడితో నడిపిన స్కాట్లండ్ నవలలకు మాత్రం ఈ పేరు వాడారు. ఉదాహరణకు 1933లో, రోమన్ బానిసల తిరుగుబాటు మీద రాసిన ‘స్పార్టకస్’ మిచెల్ పేరుతోనూ, ‘సన్‌సెట్ సాంగ్’కు కొనసాగింపైన ‘క్లౌడ్ హౌ’ గిబ్బన్ పేరుతోనూ వెలువడ్డాయి.

‘సన్‌సెట్ సాంగ్’ (1932)లో చదువుల ఇంగ్లీషుకూ ఇంటి పొలానికీ మధ్య ఇద్దరు మనుషులుగా చీలిపోయే కథానాయిక క్రిస్ గత్రీని ఎంతో దగ్గరగా చూపడం వల్ల, ఆయన మెర్న్స్ పల్లెలోనే ఉండి రాశారని చాలామంది పొరబడతారు. నిజానికి ఆ నవలను ఇంగ్లండ్‌లో, లండన్‌కు ఉత్తరాన ఉన్న వెల్విన్ గార్డెన్ సిటీలో రాశారు. 1935లో, 34 ఏళ్లయినా నిండకుండానే మరణించారు.