150-600 లెన్స్‌కి బాల్ హెడ్ సరిపోతుందా, గింబల్ కొనాలా?

మీ దగ్గర టామ్రాన్ 150-600 జీ2 ఉందనీ, వీలైనప్పుడల్లా పక్షుల కోసం ఉప్పలపాడు వెళ్తుంటారనీ, మధ్యమధ్య గుళ్ళ శిల్పాలు కూడా తీస్తారనీ రాశారు. అన్నిటికీ ఒకే ట్రైపాడ్ హెడ్ (ట్రైపాడ్ మీద కెమెరానో లెన్స్‌నో బిగించే పై భాగం) కావాలన్నారు. మీరు ఎక్కువగా తీసేది పక్షులనే కాబట్టి గింబల్ (బరువైన లెన్స్‌ని తూకంలో నిలిపి తేలిగ్గా తిప్పనిచ్చే హెడ్) తీసుకోండి. నేను అదే లెన్స్‌ని రెండు రకాల హెడ్‌ల మీదా వాడాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

లెన్స్ ఒక్కటే దాదాపు 2 కిలోలు. బాడీ కలిస్తే 3 కిలోలకు దగ్గర పడుతుంది. బాల్ హెడ్‌లో లెన్స్ ఒక బంతి మీద తిరుగుతుంది, దాని నాబ్ వదులు చేస్తే అన్ని వైపులా ఒకేసారి వదులవుతుంది. ఎగిరే గూడబాతు వెంట లెన్స్ తిప్పాలంటే వదులుగా ఉంచక తప్పదు. పట్టు కాస్త సడలిందా, లెన్స్ ముక్కు దభీమని కిందికి వాలుతుంది, ఒక్కోసారి ట్రైపాడ్ కూడా దానితోపాటే ఒరుగుతుంది. పక్షి మీద ఉండాల్సిన ధ్యాసంతా లెన్స్ పడిపోతుందేమోనన్న టెన్షన్‌కే పోతుంది.

గింబల్‌లో బరువు ఇరుసు దగ్గర తక్కెడలా తూగుతుంది. మీ లెన్స్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) అడుగు ఆర్కా-స్విస్ ఆకారంలోనే, అంటే హెడ్ మీది క్లాంప్‌లో నేరుగా బిగేలా ఉంటుంది కనుక విడిగా ప్లేట్ అక్కర్లేదు. క్లాంప్‌లో పెట్టి, పైకీ కిందికీ తిప్పే నాబ్ వదులు చేయండి. లెన్స్‌ని ఒక చేత్తో పట్టుకునే, క్లాంప్ కొద్దిగా సడలించి ముందుకీ వెనక్కీ జరుపుతూ బిగించి చూడండి. చేయి తీసినా లెన్స్ అడ్డంగా అలాగే నిలబడితే తూకం కుదిరినట్టే. ఈ లెన్స్ జూమ్ చేస్తే ముందుకి సాగుతుంది, దాంతో తూకం మారుతుంది. అందుకే 600 దగ్గర పెట్టి సరిచూసుకోండి, పక్షులకి మీరు ఉండేది అక్కడే. ఆ తర్వాత ఎర్రకాళ్ళ కొంగ గూటి మీద వాలేదాకా రెండు వేళ్ళతో తిప్పుకుంటూ పోవచ్చు.

ఒక్క ఇబ్బంది ఉంది. గింబల్ పక్కకి వంగదు. కింద ట్రైపాడ్ సమంగా లేకపోతే, తిప్పేకొద్దీ చెరువు గట్టు ఫొటోలో ఏటవాలుగా వస్తుంది. గట్టు మీద కాళ్ళు సర్దుతూ కూర్చునే ఓపిక లేకపోతే లెవెలింగ్ బేస్ (హెడ్ కింద పెట్టి సమం చేసుకునేది) కూడా కొనుక్కోండి.

శిల్పాలకైతే త్రీ-వే హెడ్, స్తోమత ఉంటే గేర్డ్ హెడ్ (పళ్ళచక్రాలతో కొద్దికొద్దిగా కదిలేది) మేలు. ఒక్కో దిశనీ విడిగా సరిచేసుకోవచ్చు, స్తంభం నిటారుగా వస్తుంది. అయితే రామప్ప లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి, కాబట్టి దీనికి తొందరేం లేదు.

బడ్జెట్ కుదరక బాల్ హెడ్డే కొనాల్సి వస్తే, డబ్బా మీద రాసిన కిలోల లెక్క నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. లెన్స్ షాపుకే పట్టుకెళ్ళండి. లైవ్ వ్యూలో బాగా జూమ్ చేసి ఒక అక్షరాన్ని మధ్యలో పెట్టి, నాబ్ బిగించి చేతులు తీసేయండి. అక్షరం పైకి జారితే లెన్స్ దిగుతోందన్నమాట, ఆ హెడ్ వద్దు. ఫ్రిక్షన్ నాబ్ (బాల్ ఎంత బిగువుగా కదలాలో సర్దేది) విడిగా ఉన్నదే తీసుకోండి. తర్వాత బిగుసుకుపోతోందని బాల్‌కి ఎప్పుడూ నూనె, గ్రీజు రాయకండి, పట్టు పోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

కొనేముందు మీ ట్రైపాడ్ పైనున్న స్క్రూ చూసుకోండి. గింబల్‌కి సాధారణంగా 3/8 అంగుళాలది కావాలి.