కోల్ష్ బీరు: చల్లదనం ఎంత, ఎప్పుడు?

ప్రశ్న: ఇంట్లో బీరు తయారుచేసుకోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఈసారి జర్మనీలోని కొలోన్ నగరపు కోల్ష్ బీరు చేద్దామని పిల్స్‌నర్ మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీతో) 20 లీటర్ల వర్ట్, అంటే పులియబెట్టవలసిన తీపి ద్రవం, కాచాను. వయీస్ట్ కంపెనీ 2565 ఈస్ట్‌ను 13 డిగ్రీల సెల్సియస్ దాకా వాడవచ్చని చదివి, వర్ట్‌ను సరిగ్గా అక్కడికి చల్లార్చి ఒక ప్యాకెట్ కలిపాను. రెండు రోజులు కదలిక లేదు. తరువాత పులిసింది కానీ కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. 1.048తో మొదలైన గ్రావిటీ (చక్కెర ఎంత మిగిలిందో చెప్పే సాంద్రత) 1.016 దగ్గర ఆగిపోయింది. దీన్ని పారబోయవలసిందేనా?
– ఒక పాఠకుడు, మినియాపొలిస్

జవాబు: పారబోయకండి. ఆ గంధకపు వాసన బీరు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. చల్లగా పులిసేటప్పుడు ఈ జాతి ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేయడం మామూలే. పులియడం బాగా సాగితే బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్ దాన్ని తనతో మోసుకుపోతుంది, మిగిలినది చల్లని నిల్వలో వారాల మీద తగ్గిపోతుంది. మీరు ఇప్పుడు పట్టించుకోవలసింది వాసనను కాదు, 1.016ను. ఈ ఈస్ట్ చక్కెరలో నూటికి 73 నుంచి 77 పాళ్లు తినగలదు కాబట్టి మీ బీరు 1.011–1.013 దాకా దిగాలి. ఫెర్మెంటర్‌ను, అంటే పులియబెట్టే పాత్రను, 18–19 డిగ్రీలకు తెచ్చి, మూత తీయకుండా మెల్లగా ఊపి, అడుగున చేరిన ఈస్ట్‌ను మళ్లీ బీరులోకి లేపండి. నాలుగైదు రోజుల్లో గ్రావిటీ కదలకపోతే, చిన్న స్టార్టర్ (కొద్ది వర్ట్‌లో విడిగా పెంచిన ఈస్ట్) కట్టి, అది మంచి నురుగు మీద ఉన్నప్పుడే కలపండి.

అసలు చిక్కు ఈస్ట్ పరిమాణం దగ్గర వచ్చింది. ఒక ప్యాకెట్‌లో దాదాపు 10,000 కోట్ల కణాలు ఉంటాయి. 12 ప్లేటో డిగ్రీల గాఢత (బరువులో సుమారు 12 శాతం చక్కెర, మీ 1.048తో సమానం) ఉన్న 20 లీటర్ల వర్ట్‌ను చల్లగా పులియబెట్టాలంటే అందుకు రెట్టింపు కంటే ఎక్కువ, అంటే సుమారు 24,000 కోట్ల కణాలు కావాలి. 20 డిగ్రీల దగ్గర పెరిగి ఆ లోటును తానే పూడ్చుకునే ఈస్ట్, 13 దగ్గర ఆ పని చాలా నెమ్మదిగా చేస్తుంది. అందుకే ముందుగా రెండు లీటర్ల స్టార్టర్ కట్టాలని, వర్ట్‌లోకి గాలి బాగా కలిసేలా కలియబెట్టాలని నేను గట్టిగా చెబుతాను. ఈ రెండూ చేయకుండా చల్లదనం జోలికి పోవడం కంటే 18 డిగ్రీల దగ్గర పులియబెట్టుకోవడమే నయం.

ఇక ప్యాకెట్ మీది కనిష్ఠ ఉష్ణోగ్రత ఈస్ట్ ఓర్చుకోగల హద్దు మాత్రమే, దానికి అనువైన చోటు కాదు. 2565కు ఆ హద్దులు 13 నుంచి 21 డిగ్రీలు. కోల్ష్‌కే వాడే వైట్ ల్యాబ్స్ కంపెనీ 029 ఈస్ట్ మాత్రం 17 కంటే తక్కువ దగ్గర మొదలుపెడితే సరిగా సాగదు కాబట్టి, ఒక ఈస్ట్‌కు రాసిన ఉష్ణోగ్రతను ఇంకోదానికి అంటగట్టకూడదు. 2565తో నేను చెప్పే క్రమం ఇది: 15 దగ్గర ఈస్ట్ కలిపి, మూడు నాలుగు రోజులు 15–16 దగ్గరే నిలిపి, గ్రావిటీ మూడింట రెండు వంతులు దిగాక రోజుకు ఒక డిగ్రీ చొప్పున 18కి తీసుకురండి. మొదటి రోజుల చల్లదనం వల్ల పళ్ల వాసన సన్నగా, ఆపిల్ పండును తలపించేంత మేరకే ఉంటుంది. చివరి వెచ్చదనం వల్ల ఈస్ట్ మిగిలిన చక్కెరను ముగించి, వెన్న వాసననిచ్చే డయాసిటిల్‌ను కూడా తిరిగి పీల్చుకుంటుంది.

ఈ అంకెలన్నీ వర్ట్‌వే కాని గదివి కావు. ఉధృతంగా పులిసేటప్పుడు లోపలి ద్రవం బయటి గాలి కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు వెచ్చగా ఉండవచ్చు. కాబట్టి ఫ్రిజ్ కంట్రోలర్ సెన్సర్‌ను గాలిలో వేలాడదీయకుండా, ఫెర్మెంటర్ పక్కకు అతికించి, పైన మందపాటి గుడ్డ కప్పండి. 18 దగ్గర మూడు రోజులయ్యాక అర గ్లాసు బీరును రెండు పాత్రల్లో పంచి, ఒకదాన్ని 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి చల్లార్చి, రెండింటినీ వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన తగిలితే ఇంకా రెండు రోజులు ఆగాలి. ఎక్కడా తగలకపోతేనే నిల్వకు చల్లార్చవచ్చు.

ప్రశ్న: ఇంత చల్లగా పులియబెట్టి, వారాలపాటు చల్లగా నిల్వ చేసే బీరును లాగర్ అనకుండా ఏల్ అని ఎందుకంటారు? మా ఇంట్లో చేసిన దాన్ని కోల్ష్ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఈస్ట్ జాతిని బట్టే ఆ విభజన. కోల్ష్‌ను పులియబెట్టేది ఏల్ తరహా, పైకి తేలి పులిసే ఈస్ట్. లాగర్‌ది అడుగున పులిసే ఈస్ట్. అలా అడుగున పులిసే బీరును కొలోన్ నగర పాలకులు 1603లోనే నిషేధించారు. ఆ ఊరు తన పాత ఈస్ట్‌ను వదలకుండా, చల్లని నిల్వ వల్ల వచ్చే తేటదనాన్ని మాత్రం తనదిగా చేసుకుంది. నాకు ఈ బీరు మీద ఉన్న గౌరవమంతా అక్కడే ఉంది. ఆ ఊరివి, చుట్టుపక్కలవి బ్రూవరీలు 24 కలిసి 1986లో ఒక ఒడంబడిక కుదుర్చుకుని, కోల్ష్ అంటే లేత రంగుతో, బాగా పులిసి, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) రుచి తెలిసేలా, తేటగా వడకట్టిన, పైకి తేలి పులిసే ఈస్ట్‌తో చేసిన బీరు అని నిర్ణయించుకున్నాయి. 1997 నుంచి ఆ పేరుకు యూరోపియన్ యూనియన్‌లో భౌగోళిక గుర్తింపు రక్షణ కూడా ఉంది. మీ ఇంట్లో, మీ స్నేహితుల మధ్య ఏ పేరైనా పెట్టుకోవచ్చు కానీ ‘కోల్ష్ తరహా’ అనడమే న్యాయమని నా అభిప్రాయం. వడ్డించేటప్పుడు అక్కడిలాగే 200 మిల్లీలీటర్ల సన్నని నిలువు గ్లాసు వాడండి. పెద్ద మగ్గులో పోస్తే సగం తాగేసరికి నురుగు చచ్చిపోయి, ఆ సున్నితమైన వాసన తెలియకుండా పోతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఇది చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చేయకూడదు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. సొంత వాడకానికే అన్నంత మాత్రాన మినహాయింపు రాదు. పై ఇద్దరు పాఠకులూ ఉంటున్న అమెరికాలో సంగతి వేరు. అక్కడ 1978 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇంటికి ఒక్క పెద్దవారే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గాలన్ల బీరు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అయితే దాన్ని అమ్మకూడదు.

ప్రశ్న: నా కోల్ష్ రెండు వారాలు చల్లగా ఉంచినా మబ్బుగానే ఉంది. మేము శాకాహారులం కాబట్టి బీరును తేటపరచడానికి జెలటిన్ వాడం. సీసాల్లో నింపేటప్పుడు పంచదార ఎంత వేయాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కోల్ష్ ఈస్ట్‌లలో చాలావరకు పిండిలా తేలుతూ, తొందరగా అడుగుకు చేరవు. జెలటిన్ వద్దనుకుంటే కాలమే మార్గం. బీరును ఒకటి రెండు డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు కదపకుండా ఉంచండి. వచ్చేసారి కాచడం ముగియడానికి పదిహేను నిమిషాల ముందు ఐరిష్ మాస్ వేయండి, అది సముద్రపు నాచు కాబట్టి మీకు అభ్యంతరం ఉండదు. కొలోన్‌లో వడకట్టకుండా మబ్బుగానే పోసే ‘వీస్’ అనే రకం కూడా ఉంది కనుక, రుచి బాగుంటే మబ్బును లోపంగా చూడనక్కర్లేదు.

పంచదార లెక్కలో చాలామంది తడబడేది ఉష్ణోగ్రత దగ్గర. బీరు ఇప్పుడు 2 డిగ్రీల దగ్గర ఉంది కదా అని లెక్కలో ఆ అంకె వేస్తే పంచదార తగ్గిపోయి బీరు చప్పగా వస్తుంది. పులియడం ముగిసే సమయానికి అది చేరిన అత్యధిక ఉష్ణోగ్రతనే, అంటే 18నే తీసుకోవాలి. ఎందుకంటే అప్పుడు బయటికి పోయిన గ్యాస్ తరువాత చల్లార్చినంత మాత్రాన తిరిగి రాదు. ఆ లెక్కన 20 లీటర్లకు సుమారు 120 గ్రాముల పంచదార సరిపోతుంది. దాన్ని కొద్ది నీళ్లలో మరిగించి చల్లార్చి, బీరు మొత్తంలో సమంగా కలిశాకే సీసాల్లో నింపి, రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర ఉంచండి. గ్రావిటీ వరుసగా మూడు రోజులు ఒకే అంకె దగ్గర నిలిచిందని హైడ్రోమీటర్‌తో చూసుకోకుండా మాత్రం నింపవద్దు. పులియడం ముగియని బీరుకు పంచదార కూడా తోడైతే సీసాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.