కమిలోవ్ అన్నేళ్లు విదేశాంగ మంత్రిగా ఎలా నెట్టుకొచ్చారు?

ఉజ్బెకిస్తాన్‌లో అబ్దులజీజ్ కమిలోవ్ రెండు విడతల్లో కలిపి 18 ఏళ్లకు పైగా, ఇద్దరు అధ్యక్షుల దగ్గర విదేశాంగ మంత్రిగా ఎలా ఉండగలిగారని అడిగారు. నేను దౌత్యం చదివినవాణ్ణి కాను. 2015 నుంచి 2022 దాకా ఆ దేశ రాజధాని తాష్కెంట్‌లో మందుల వ్యాపారంలో పనిచేశాను. అక్కడి టీవీలో ఆయన్ని చూడని వారం ఉండేది కాదు. ఆ మొహం చూసి ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా కనిపెట్టలేకపోయాను. నన్నడిగితే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఆయన 1947లో తాష్కెంట్ పక్కనే ఉన్న యాంగియూల్‌లో పుట్టారు. అరబ్బీ చదివి, సోవియట్ ఎంబసీల్లో, 1970లలో లెబనాన్‌లో, 1980లలో సిరియాలో పనిచేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మాస్కోలోని కొత్త ఉజ్బెక్ ఎంబసీకి, అక్కణ్ణుంచి జాతీయ భద్రతా సర్వీసులో ఉపాధిపతి పదవికి వెళ్లారు. 1994లో విదేశాంగ మంత్రి అయ్యారు. గూఢచార శాఖ మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం మనకు వింతగా ఉంటుంది గానీ అక్కడ ఎవరికీ అనిపించదు. మా ఆఫీసులో అరవై దాటిన ఫార్మసిస్టు ఒకాయన ఉండేవారు. ఆయన్ని అందరం 'అకా' అనేవాళ్లం. ఉజ్బెక్‌లో అకా అంటే అన్నయ్య. మొదటి నెలంతా ఆ గడ్డపాయన్ని 'అక్కా' అని పిలుస్తున్నట్టే ఉండి నవ్వాపుకోలేకపోయేవాణ్ణి. కమిలోవ్ గురించి అడిగితే ఆయన 'వోస్తోకోవేద్' అని ఒకే ఒక్క రష్యన్ మాట అన్నారు. తూర్పు దేశాల సంగతులు చదువుకున్నవాడని అర్థం. ఆ తరంలో దానికి చాలా గౌరవం.

ఆ దేశం ఎక్కడుందో చూస్తే మిగతాది తెలుస్తుంది. దానికి సముద్రం లేదు సరే, చుట్టూ ఉన్న ఐదు దేశాలకూ లేదు. కింద అఫ్ఘానిస్తాన్, పైన రష్యా నీడ. 2001 అక్టోబర్‌లో కర్షీ-ఖానాబాద్ సైనిక విమాన స్థావరాన్ని అమెరికాకు ఇచ్చినప్పుడు మంత్రి ఈయనే. 2003లో పదవి పోయింది. పోయిందని నేనంటున్నాను గానీ పంపించింది రాయబారిగా వాషింగ్టన్‌కు! 2005 మే నెలలో ఉజ్బెకిస్తాన్‌లోని అండిజాన్ నగరంలో నిరసనకు దిగిన జనం మీద ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపాయి. చనిపోయినవాళ్లు 187 మంది అని ప్రభుత్వం, కొన్ని వందల మందని బయటివాళ్లు. అమెరికా విచారణ కోరింది, తాష్కెంట్ ఆ స్థావరం ఖాళీ చేయమంది. ఆ నవంబర్‌కల్లా అమెరికా సైన్యం వెళ్లిపోయింది. అలాంటి రోజుల్లో వాషింగ్టన్‌లో కూర్చుని రెండువైపులా తలుపు పూర్తిగా మూతపడకుండా చూడటం ఆయన పని. 2010 దాకా అక్కడే ఉన్నారు, 2012లో మళ్లీ పాత కుర్చీకొచ్చారు.

2016లో అధ్యక్షుడు కరిమోవ్ చనిపోయి ఆ పదవిలోకి మిర్జియోయెవ్ వచ్చాక చాలామంది పాతవాళ్ల పదవులు పోయాయి, ఈయన ఉన్నారు. ఎందుకుంచారో నాకు ఒక ప్రయాణంతో అర్థమైంది. 2016లో పనిమీద పక్క దేశం తజికిస్తాన్ రాజధాని దుషాన్బే వెళ్లాలంటే తాష్కెంట్ నుంచి నేరుగా విమానం లేదు. రోడ్డు మీద సరిహద్దు దాటి, ఖుజంద్ చేరి, కొండలెక్కి వెళ్లా. మందుల పెట్టె తెరిచి ప్రతి పట్టీ లెక్కపెట్టారు. 2017 ఏప్రిల్‌లో, పాతికేళ్ల తర్వాత, రెండు రాజధానుల మధ్య విమానం మొదలైంది. ఇరుగుపొరుగుతో కలవాలన్నది కొత్త అధ్యక్షుడి నిర్ణయమే. కానీ ఆ పొరుగువాళ్లతో పాతికేళ్లుగా ఎవరెవరు ఏ మాట అని ఎందుకు అలిగారో గుర్తున్న మనిషి కావాలిగా? 1999 జూలైలో తాలిబాన్లను, వాళ్ల ప్రత్యర్థులను తాష్కెంట్‌కు పిలిచి మాట్లాడించిన రోజుల్లోనూ మంత్రి ఈయనే, 2021 అక్టోబర్‌లో కాబూల్ వెళ్లి తాలిబాన్లతో మాట్లాడిందీ ఈయనే. మన సుష్మా స్వరాజ్ 2019 జనవరిలో సమర్‌కంద్‌లో భారత్-మధ్య ఆసియా సంభాషణ మొదటి సమావేశానికి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నదీ ఈయనే.

అంత నోరు కట్టుకున్న మనిషి 2022 మార్చి 17న సెనేట్‌లో తేల్చి చెప్పారు: ఉక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని, సరిహద్దులను గుర్తిస్తున్నాం, ఉక్రెయిన్ నుంచి విడిపోయామంటూ రష్యా అండతో ఏర్పడిన లుహాన్‌స్క్, దొనెత్స్క్ రిపబ్లిక్‌లను గుర్తించడం లేదు అని. లక్షల మంది ఉజ్బెక్‌లు రష్యాలో కూలీనాలీ చేసుకుంటున్న సమయమది. ఆఫీసులో అకా ఆ వార్త విని టీవీ సౌండ్ తగ్గించి, రష్యాలోని కజాన్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. ఏం మాట్లాడారో వినలేదు. ఫోన్ పెట్టేశాక నాకు టీ పోశారు, అంతే.

తర్వాత మంత్రి టీవీలో కనిపించలేదు. ఆరోగ్యం బాగాలేదు, వైద్యం జరుగుతోందన్నారు. బజార్లో వేరే మాటలు వినబడ్డాయి, వాటికి రుజువేమీ నా దగ్గర లేదు. ఏప్రిల్ చివర్లో ఆయన్ని ఉజ్బెకిస్తాన్ సొంత భద్రతా మండలికి మార్చారు, ఆ తర్వాత విదేశాంగ విషయాల్లో అధ్యక్షుడి ప్రత్యేక ప్రతినిధిని చేశారు. అంటే కుర్చీ మారిందే కానీ, గది దాటలేదు.