ఎక్స్‌రే బాగానే ఉంది, మరి మోకాలు ఎందుకు నొప్పి?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది గాజువాక. కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టు కోసం రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో పరుగు, లాంగ్‌జంప్ ప్రాక్టీస్ చేస్తున్నాను. రెండు నెలలుగా కుడి మోకాలి చిప్ప కింద నొప్పి. ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. మర్నాడు మెట్లు దిగాలంటే మాత్రం ప్రాణం పోతోంది. ఎక్స్‌రే నార్మల్. గుజ్జు అరిగిందని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఎమ్మారై తీయించాలా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాబూ, ఈ వయసులో గుజ్జు అరగడం అరుదు. ఆ భయం ముందు వదిలేయండి. మీరు రాసినదాన్ని బట్టి చిప్పను కింది ఎముకతో కలిపే టెండన్, అంటే గట్టి తాడులాంటి పట్టీ మీదే నా అనుమానం. ఎక్స్‌రేలో ఎముక బాగా కనిపిస్తుంది, టెండన్ దెబ్బ తెలియదు.

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికొచ్చిన వాళ్లను ముందు ఒకటే అడుగుతాను: నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి. వేలు నేరుగా చిప్ప కింది అంచు మీదికి వెళ్తే టెండన్ అనుకుంటాను. అరచేత్తో చిప్ప చుట్టూ తడిమితే చిప్ప వెనక సమస్య కావచ్చు. మోకాలు పక్కన నొప్పి ఉండి, మధ్యమధ్య పట్టేస్తుంటే మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్త) చూడాలి. తర్వాత ఏటవాలు పలక మీద ఒంటికాలితో మెల్లగా కిందికి వంగమంటాను. వంగేకొద్దీ సరిగ్గా అదే చోట నొప్పి పెరిగితే అనుమానం బలపడుతుంది. నొక్కి చూడటం ఒక్కటే చాలదు, బాగున్న మోకాళ్లలోనూ అక్కడ నొక్కితే నొప్పి పుట్టొచ్చు.

ఎమ్మారై ఇప్పుడే వద్దు. నొప్పే లేని ఆటగాళ్ల టెండన్‌లోనూ స్కానింగ్‌లో మార్పులు కనిపిస్తాయి. రిపోర్టు చూసి బెంగపడిన పిల్లల్ని చాలామందిని చూశాను.

అందరూ ఈ టెండన్ సమస్యను వాపు అంటారు కానీ, ఇన్నాళ్లుగా ఉన్న నొప్పిలో అసలు సంగతి టెండన్ పోగులు దెబ్బతినడం. అందుకే నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తొద్దు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వద్దు, అది తెగే ప్రమాదం ఉంది. జంప్‌లు ఆపండి, అలాగని మంచం ఎక్కొద్దు. బడిలో వేయించిన గోడకుర్చీ గుర్తుందా? నొప్పి ఓర్చుకోగలిగినంత వరకే వంగి, 45 సెకన్ల చొప్పున 5 సార్లు వేయండి, మధ్యలో 2 నిమిషాలు ఆగుతూ. ఆపైన బరువులతో వ్యాయామాలు దగ్గరుండి నేర్పించుకోవాలి. కుదుటపడటానికి 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. టెస్టు తేదీ చూసుకుని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎప్పుడైనా టప్‌మని తెగినట్టయి కాలు చాచి పైకెత్తలేకపోయినా, మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.